ప్రస్థానం పెట్టె

గన్నవరం విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ నాది. జీతానికి చేసే పనే అయినా, ఆ కౌంటర్ విషయంలో నాకు కాస్త పొగరు.

ఆ రోజు హైదరాబాద్ విమానానికి ఒక పెద్దావిడ అందరికంటే ముందు వచ్చి పెట్టె అప్పగించింది. కూతురికి నొప్పులు మొదలయ్యాయట, తొలి కాన్పు. "నేను పక్కన లేకపోతే దానికి ధైర్యం చాలదమ్మా," అంది. తీరా విమానం ఎక్కే వేళకు చూస్తే సెక్యూరిటీకి ఇవతలే కుర్చీలో కూర్చుని ఉంది. మైకులో పేరు పిలుస్తున్నా కదలదు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటండీ, కూతురి దగ్గరికి వెళ్లరా?"

"వర్జ్యం వచ్చిందమ్మా. అది పోయేదాకా లోపలికి అడుగు పెట్టొద్దని మా ఆయన ఫోన్ చేశారు," అంటూ కళ్లు తుడుచుకుంది. ఆయన అద్దం అవతల, రోడ్డు వైపు నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. వర్జ్యాల పట్టింపు లేదు. హనుమాన్ జంక్షన్‌లో మా పక్కింటివాళ్లకు మాత్రం ఉండేది. ఊరికి వెళ్లాలంటే మంచి ఘడియలో సంచి తెచ్చి మా ఇంట్లో పెట్టేవాళ్లు. ప్రస్థానం అంటారు దాన్ని. సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే, మనిషి ఆ తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. మా అమ్మ ఆ సంచిని బైబిలు ఉండే బల్ల మీద పెట్టి, మమ్మల్నెవరినీ తాకనిచ్చేది కాదు.

ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆయనకు కలిపాను.

"బాబాయ్ గారూ, వర్జ్యం రాకముందే పిన్నిగారు పెట్టె నాకిచ్చేశారండీ. ప్రస్థానం అయిపోయింది. ఇంక ఆపకండి."

ఆయన ఆలోచనలో పడ్డాడు. "ప్రస్థానం ఎవరింట్లోనైనా కదమ్మా పెట్టేది?"

"ఈ కౌంటర్ నా ఇల్లే అనుకోండి. పూచీ నాది."

అద్దం అవతల ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగు తీసింది. వెనకే నేనూ పరుగెత్తి, విమానం ఎక్కించి వచ్చాను.

కొన్నాళ్లకు ఆయనే వచ్చాడు, మనవరాలి బారసాలకు వెళ్తూ. తల్లి వచ్చి చెయ్యి పట్టుకున్నాకే కూతురు ప్రసవించిందని చెప్పాడు. నాకు ఎంత సంతోషమేసిందో! అప్పటికి కౌంటర్ ఇంకా తెరవలేదు.

"ఇంత ముందొచ్చారేంటండీ?"

"ఘడియ ఇప్పుడు బాగుందమ్మా," అని పెట్టె నా చేతికిచ్చాడు. "మీ ఇంట్లో పెట్టు."

రెండు చేతులా అందుకుని నా కుర్చీలో పెట్టాను. కౌంటర్ తెరిచేదాకా నిలబడే ఉన్నాను.