తాగనివాడి ఒప్పుకోలు

మా క్రీస్తుదాసు మావయ్య బతుకులో కల్లు కూడా ముట్టలేదు. కలిదిండి దగ్గర అబ్బాయిరాజు గారి చేపల చెరువుల మీద పనిచేస్తూనే ముసలాడైపోయాడు. చేపకు పేను పడితే దోనెలో తొట్టి పెట్టుకుని, పురుగుమందు నీళ్లలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి, మగ్గుతో చెరువంతా చల్లేవాడు. గాలి ఎదురు తిరిగితే మొహం తుడుచుకునేవాడు. చేతులకు తొడుగులు వేసుకోవాలని పుస్తకంలో చదివి నేను చెబితే, "మగ్గు జారిపోద్దిరా పంతులూ" అని నవ్వాడు.

కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బాక ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కారు రాజుగారిదే. డాక్టరు లక్ష్మీప్రసన్న గారు అలవాట్లు అడిగితే, మావయ్యకంటే ముందు రాజుగారే అందుకున్నారు. "కాస్త తాగుతాడండీ. కష్టం చేసుకునేవాడు కదా."

పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం మావయ్యకు రాదు. తలొంచుకున్నాడు. ఆవిడ రాసుకుంది.

రక్తపరీక్షలు వచ్చాక ఆవిడకే అనుమానం వచ్చింది. వైరస్ లేదు. తాగుడుతో పాడైన లివర్‌లానూ లేదు. రాజుగారిని బయటికి పంపి మళ్లీ అడిగింది.

"మీరు పనిలో ఏం కలుపుతారు? చెబితే కారణం మార్చి రాస్తాను."

సారమ్మత్త నోరు తెరవబోతే మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. అత్త తమ్ముళ్లిద్దరూ ఆ చెరువుల మీదే ఉన్నారు. నిజం చెబితే వాళ్ల పని పోతుంది.

"రాజుగారు చెప్పిందేనండీ," అన్నాడు.

నేను ఊరుకోలేక దోనె, తొట్టి, మగ్గు అన్నీ చెప్పాను. మావయ్య కాదని తల ఊపాడు. నా మాట రాస్తానని, ఆయన కాదన్నారని కూడా రాయాల్సి వస్తుందని డాక్టరు గారు అంది. చివరికి కాగితం మీద కారణం అన్నచోట తాగుడే మిగిలింది.

రాజుగారి డ్రైవరు పుణ్యమా అని ఆ కబురు మాకంటే ముందు ఊరు చేరింది. తాగుబోతుకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనన్నారు పాస్టరు ఆనంద్ పాల్ గారు. సంఘం ముందు ఒప్పుకుంటే ఇస్తారట. పోయేలోగా ఒక్కసారి ఆ రొట్టె తినాలన్నదే మావయ్యకు మిగిలిన కోరిక.

ఆదివారం చర్చిలో ఆయన్ని పట్టుకుని నిలబెట్టాను.

"తాగానండీ. క్షమించండి."

ఎవరో ముక్కు చీదారు. పాస్టరు గారు రొట్టె విరిచి ఆయన నోట్లో పెట్టారు. తర్వాత ఆడవాళ్లు బల్ల దగ్గరికి లేచారు. సారమ్మత్త చాప మీద నుంచి కదల్లేదు. పాస్టరు గారే పళ్లెం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు.

"మా ఆయన అబద్ధమాడి తిన్నాడండీ," అంది అత్త. "నేను తినను."