లోకల్ క్యాండిడేట్

పోయిన ఆదివారం డెట్రాయిట్ పక్కన నోవై అనే ఊళ్ళోని గుడి క్యాంటీన్‌లో పులిహోర ప్లేటుతో వచ్చి నా ఎదురుగా కూర్చున్న కుర్రాడు (కుర్రాడంటే నలభై అయిదేళ్ళవాడే, నా కంటికి ఇప్పుడు అందరూ కుర్రాళ్ళే) తన కూతురు డాక్టరు కావాలనుకుంటోందనీ, ముందు చదవాల్సిన నాలుగేళ్ళ డిగ్రీకి రెండు కాలేజీల్లో సీటొచ్చిందనీ చెప్పి, సొంత మెడికల్ స్కూల్ ఉన్న కాలేజీలో చేరితే రేపు వాళ్ళ పిల్లలన్న అభిమానంతో ముందు వాళ్ళనే తీసుకుంటారట, నిజమేనా అంకుల్ అని అడిగాడు. మా అమ్మాయి డాక్టరు కనక ఇవన్నీ నాకు తెలిసుంటాయని అతని నమ్మకం. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్న వింటే నా పాత భయం లేచొస్తుంది.

నా భయం ఈ దేశంలో పుట్టింది కాదు. మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం, బదిలీల మీద బదిలీలు, అందుకని నా హైస్కూలూ ఆపై చదువూ ఖరగ్‌పూర్‌లో గడిచాయి. తీరా ఆంధ్రాలో మెడిసిన్‌కి అప్లికేషన్ పెట్టే వేళకి, ఎవరు ఎక్కడ చదివారన్నదాన్నిబట్టి లోకల్, నాన్‌లోకల్ అని విడదీసే రోజులొచ్చాయి. తాతముత్తాతలది విజయవాడ పక్కనే అయినా నేను నాన్‌లోకల్‌నయ్యాను. నాకంటే తక్కువ మార్కులొచ్చిన మా పిన్ని కొడుకు తెల్లకోటు వేసుకున్నాడు, నేను ఇంజనీరునై తిరిగి తిరిగి ఈ డెట్రాయిట్ కార్ల కంపెనీల మధ్య తేలాను. ఆ ఒక్క మాట నా వీపు మీద వాత పెట్టినట్టు ఉండిపోయింది.

రెండువేల నాలుగు ప్రాంతంలో మా అమ్మాయి పన్నెండో తరగతి ముగించే వేళకి దాని మనసంతా ఒహాయోలోని ఒక చిన్న కాలేజీ మీద ఉంది. చూడటానికి వెళ్ళినప్పుడు అక్కడి కెమిస్ట్రీ మేష్టారు దానితో గంటసేపు కూర్చుని మాట్లాడాడు. తిరుగు ప్రయాణంలో కార్‌లో అది ఆగకుండా ఆయన గురించే చెప్పింది. ఆ కాలేజీకి మెడికల్ స్కూల్ లేదు. మా ఇంటికి నలభై నిమిషాల దూరంలోని యూనివర్సిటీకి ఉంది. మా స్నేహితుల శనివారం విందులో ఒకాయన, తమ దగ్గర చదివిన పిల్లల్ని వాళ్ళు వదులుకుంటారా అన్నాడు. ఆయన పళ్ళ డాక్టరు, ఆయనకీ ఎవరో చెప్పిందే. నేను మాత్రం ఆ మాటని ప్రభుత్వం వారి జీవోలా పట్టుకున్నాను. అక్కడ చదివితే లోకల్, ఇంకోచోట చదివితే నాన్‌లోకల్, అంతే లెక్క.

నేను కేకలెయ్యలేదు. మూడు రోజులు పక్కన కూర్చుని నా కథంతా చెప్పి, బతిమాలి, నా కూతురికి నా గతి పట్టకూడదని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. అది ఎదురు చెప్పలేదు, దాన్నే నేను ఒప్పుకోవడం అనుకున్నాను. మే నెల మొదట్లో ఇక్కడి పిల్లలు తాము చేరబోయే కాలేజీ టీషర్టు వేసుకుని బడికెళ్ళే రోజొకటుంటుంది. ఒహాయో కాలేజీ టీషర్టు అది ముందే కొనుక్కుందట. ఆ రోజు మామూలు స్వెట్టర్ వేసుకుని వెళ్ళిందని మా ఆవిడ చెబితే, పోనీలే, టీషర్టుదేముంది అన్నాను.

ఆ దగ్గరి యూనివర్సిటీలోనే నాలుగేళ్ళూ గడిచాయి, మెడికల్ స్కూళ్ళకి అప్లై చేసింది. అప్పుడు మొదలైంది అసలు భయం. దాని కాలేజీలోనే చదివిన మా స్నేహితుడి కొడుక్కి ఆ యూనివర్సిటీ సొంత మెడికల్ స్కూలే మొండిచెయ్యి చూపించింది. అదే శనివారం విందులో అదే పళ్ళ డాక్టరుగారు, ఈమధ్య వీళ్ళు కావాలని బయటివాళ్ళనే తీసుకుంటున్నారు అన్నాడు. నా చేతులతో నేనే దాన్ని తీసుకెళ్ళి చేర్చకూడని చోట చేర్చానా అన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు.

ఒకరోజు లంచ్ టైములో ఆఫీస్ పార్కింగ్‌లో, మంచు పట్టిన కార్‌లో కూర్చుని, ఆ మెడికల్ స్కూల్ అడ్మిషన్స్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. మీకు లోకల్ కోటా ఉందా అని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. మిషిగన్ రాష్ట్రంలో ఉండేవాళ్ళ గురించా అంది. కాదు, మీ కాలేజీలో చదివినవాళ్ళ గురించి అన్నాను. అన్ని అప్లికేషన్లూ చదువుతామని మర్యాదగా చెప్పి, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు అని అడిగింది. ఆఫీసులో ఎవరైనా పేరడిగితే చెప్పి తీరాలని పెరిగినవాణ్ణి. ఒక్కో అక్షరం విడదీసి మా అమ్మాయి పేరు చెప్పేశాను. కీబోర్డు టకటకలు వినిపించాయి. ఫోన్ పెట్టేశాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు.

తండ్రి రికమెండేషన్‌కి ఫోన్ చేశాడని దాని ఫైల్లో రాసుకున్నారని నాకు ఖాయంగా అనిపించింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అక్కడినుంచి ఇంటర్‌వ్యూకి పిలుపొచ్చినా భయం తగ్గలేదు, పోస్ట్‌బాక్స్ తెరవడానికి జంకేవాణ్ణి. మార్చిలో వాళ్ళు కాదన్నారు. షికాగోలో ఇంకో స్కూల్ రమ్మంది, మా అమ్మాయి వెళ్ళింది, చదివింది, డాక్టరైంది. అందరూ నన్ను అభినందిస్తుంటే నేను దొంగలా నవ్వాను.

ఆ బరువు ఏడెనిమిదేళ్ళు మోశాను. ఒక శీతాకాలం అమ్మాయి సెలవులకొచ్చి నాతోపాటు ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు తోస్తున్నప్పుడు, ఇక ఆపుకోలేక ఆ ఫోన్ సంగతి చెప్పేశాను. అది పార నేలకానించి నన్ను చూసింది.

"నీ ఫోన్ వల్ల కాదు నాన్నా. ఇంటర్‌వ్యూలో, ఇన్ని కాలేజీలుండగా ఇక్కడే ఎందుకు చదివావు అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. మా డాడ్‌కి భయం, అందుకే ఇక్కడ చేరాను అని చెప్పాను."

దానివల్లే సీటు పోయిందో లేదో మాత్రం నాకు తెలీదు అని కూడా అంది, మళ్ళీ మంచు తోయసాగింది.

మా తరంవాళ్ళకి భయపడటమూ ప్రేమించడమూ ఒకటే పనిగా ఉండేవి. అప్పట్లో ఒక పుకారు వినాలన్నా శనివారం విందు దాకా ఆగాల్సొచ్చేది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే వంద దొరుకుతాయి. ఆ విందులూ లేవు, పళ్ళ డాక్టరుగారూ లేరు.

నాకు తెలియదు బాబూ అన్నాను గుడి క్యాంటీన్‌లో ఆ కుర్రాడితో, అది నిజం కూడా. మీ అమ్మాయి ఏ కాలేజీ టీషర్టు కొనుక్కుందో అడిగావా అన్నాను. అతను నన్ను వింతగా చూసి, తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని హాలంతా వెతుక్కుంటూ లేచాడు. ఆ రోజుల్లో ఎవరైనా నన్ను ఈ మాట అడిగి ఉంటే, నేనూ అలాగే లేచిపోయేవాణ్ణి.