కారణం రాయని తేదీ

మా ఇంటికి కొత్త వైరింగు వేయిస్తున్నారు. చిత్తూరులో మా వీధి ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే ఈడువి. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద నల్ల తీగలు, గుమ్మం పక్కన గుండ్రటి నల్ల స్విచ్చులు. మూడు రోజులుగా మేస్త్రీ గోడలు కోస్తున్నాడు. ఇల్లంతా దుమ్ము. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చుని, ఎవరు దాటినా తిడుతోంది. మొన్న పొద్దున మేస్త్రీ పాత ఫ్యూజుల పెట్టెను గోడ నుంచి ఊడదీసి, దాని చెక్క తలుపును నా చేతికిచ్చి, "ఇది పారేసేద్దామా మేడం? లోపలంతా ఎవురో పెన్సిలుతో గీకి పెట్టినారు" అన్నాడు. ఉండనివ్వమన్నాను. గదిలోకి తెచ్చుకుని మంచం మీద పెట్టి, లోపలి వైపు చూసే ధైర్యం వచ్చేదాకా పైవైపు దుమ్మే తుడుస్తూ కూర్చున్నాను.

ఆ రాత కరెంటు తాతది. ఆయన మాకు చుట్టమేం కాదు. మా సొంత తాత ఈ ఇల్లు కట్టినప్పుడు వైరింగు చేసినవాడు. ఆ తర్వాత మా వీధిలో ఏ ఇంట్లో దీపం ఆరినా ఆయనే వచ్చేవాడు. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో సన్నటి ఫ్యూజు తీగ చుట్ట. వచ్చీ రాగానే మెయిను ఆపి, పింగాణీ ఫ్యూజు పీకి, దాన్ని ఉఫ్‌మని ఊది, కొత్త తీగ చుట్టేవాడు. పక్కన నిలబడి చూస్తుంటే, "మర తిరిగే దిక్కుకే తీగా తిరగాల పాపా. ఎదురు సుట్టినావనుకో, బిగించే కొద్దీ బయటికొచ్చేస్తాది" అని చెప్పేవాడు. దీపం వెలిగాక వెంటనే వెళ్లిపోయే రకం కాదు. ఫ్యూజు పోయినప్పుడు ఇంట్లో ఏమేమి తిరుగుతున్నాయో విచారించి, తలుపు లోపల ఆనాటి తేదీ, పక్కన ఒకే ఒక మాటలో కారణం రాసేవాడు. వాన. గ్రైండరు. ఉడత. ఒకచోట అల్లుడు అని ఉంది. మా అత్త పెళ్లయిన కొత్తలో మామ వస్తే ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ వేసి, పైగా ఇస్త్రీపెట్టె కూడా పెట్టారట. నేను డైరీ రాసే పిల్లని. పేజీలు పేజీలు నింపేదాన్ని. కానీ మా ఇంటి కథను ఆ తలుపంత పొదుపుగా నేనెప్పుడూ రాయలేకపోయాను.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్న వేసవిలో మా ఇంట్లోకి కూలరు వచ్చింది. నా గదిలో కూలరు, వంటింట్లో అవ్వ గ్రైండరు కలిసి తిరిగితే చాలు, ఫ్యూజు పోయేది. నాయన ఆఫీసులో ఉంటాడు. తాత ఫోను పెట్టుకోడు. నేనే వెళ్లి పిలుచుకుని రావాలి. ఆయన కొట్టు వీధి చివర, టీ అంగడి పక్కన. ఆ అంగడి ముందు బెంచీ మీద ఎప్పుడూ నలుగురు మగవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు టీ గ్లాసులు పట్టుకుని తల తిప్పి చూసే ఆ పది అడుగులు నడవడం నాకు పరీక్ష రాయడం కంటే కష్టంగా ఉండేది. ఒకే వారంలో మూడోసారి ఫ్యూజు పోయినప్పుడు నేను కొట్టుకు వెళ్లలేదు. మెయిను ఆపి, పాడైపోయిన ఇస్త్రీపెట్టె తీగను చీల్చి, అందులో నుంచి రాగి పోగులు లాగి, మూడింటిని కలిపి మెలేసి ఫ్యూజుకు చుట్టాను. దీపం వెలిగింది. పెరట్లో ఉన్న అవ్వ, తాతే వచ్చి బాగుచేసి పోయాడనుకుంది. ఇక ఎప్పటికీ పోదని సంతోషించాను. తలుపు మీద ఏమీ రాయలేదు.

నిజంగానే పోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వంటింటి గుమ్మం మీద చెక్క పట్టీ పొగ చిమ్మినప్పుడు కూడా పోలేదు. తెగాల్సిన తీగ తెగకుండా నిలబడింది, గోడ మీది తీగ కాలింది. కింద అలమరకు కట్టిన గుడ్డ అంటుకుంది. అవ్వ దాన్ని కుడిచేత్తో పట్టి లాగింది. నేను పరుగెత్తి మెయిను ఆపాను. ఎక్కడికి పరుగెత్తాలో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నాయన వచ్చి, అవ్వ చేతికి కట్టు కట్టించి, తాతను పిలిపించాడు. తాత వచ్చేసరికే నాయన ఫ్యూజు పీకి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంత లావు తీగ ఏస్తారా ఎవురన్నా? కండ్లు కనపడకుంటే పని మానుకోవాల గానీ, కొంపలు తగలబెడతావా?"

తాత ఆ పింగాణీ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. మర చుట్టూ తీగ ఎదురు తిరిగి ఉంది. కొసలు పిల్లి మీసాల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తర్వాత తల ఎత్తి, గుమ్మానికి వేసిన తెర పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు.

"పొరపాటైపోయిందప్పా" అన్నాడు.

"ఇన్నేండ్లు లేని పొరపాటు ఇప్పుడెట్లొచ్చె?" అంది అవ్వ మంచం మీద నుంచి.

"వయసొచ్చె గదమ్మా" అని నవ్వాడు తాత. కాలిన చోట కొత్త తీగ వేసి, తలుపు మీద పెన్సిలుతో ఏదో రాసి వెళ్లిపోయాడు.

ఆ మాట టీ అంగడి దాకా పోవడానికి ఒక పూట చాలింది. ముసలాయనకు చూపు ఆనడం లేదట, లావు తీగ వేసి ఇల్లు కాల్చాడట అని వీధంతా అనుకుంది. వేరే మనిషిని పిలవసాగారు. వానలు మొదలయ్యేలోగా తాత కొట్టు మూసి, బంగారుపాళ్యంలో కూతురింటికి వెళ్లిపోయాడు. నేను రోజూ చెప్పాలనుకున్నాను. గుడ్డ అంటుకున్న రోజున నా డైరీలో ఏముందో మొన్న వెతికి చూశాను. "ఎండ ఎక్కువగా ఉంది" అని ఉంది. అంతే. ఇక తలుపులో ఆ తేదీ చూశాను. పక్కన ఏమీ లేదు. అన్ని తేదీలకూ కారణం ఉంది, దానికొక్కదానికే లేదు. నా కోసం నోటితో అబద్ధం ఆడాడు కానీ, ఆ తలుపు మీద మాత్రం అబద్ధం రాయలేదు.

నిన్న ఆ తలుపును దుప్పట్లో చుట్టుకుని బంగారుపాళ్యం బస్సెక్కాను. "ఏందిమ్మా, కిటికీ పెరుక్కోని పోతావుండావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నా వైపు చూసింది. చూడనీ అనుకున్నాను.

రోడ్డు అవతలి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఉడికిన మామిడిపండు వాసన వస్తోంది. తాత కూతురింటి ముందు రేకుల పంచలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కళ్లద్దాలు లేకుండా. అది చూడగానే బస్సులో కూడగట్టుకున్న మాటలన్నీ పోయాయి.

"ఇంటికి కొత్త వైరింగా? ఫ్యూజులు ఎట్లాంటివి పెట్టినారు?" అని అడిగాడు, నా చేతిలోని తలుపును గుర్తుపట్టి.

"ఫ్యూజులే లేవు తాతా. లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చులంట."

"మంచిదే. ఇంక ఎవురూ ఎదురు సుట్టేదానికి లేదు."

"అది నేనే తాతా" అన్నాను.

"తెలుసు గదా."

"మరి ఆ పొద్దే చెప్పుండొచ్చు గదా?"

"మీ నాయన కోపం మీద ఉండె. రెండునాళ్లు పోతే నువ్వే చెప్తావులే అనుకుంటి, సదువుకునే పాప గదా అని." పేపరు మడిచాడు. "రెండునాళ్లకు నువ్వు రాలే. సరే, పరీక్షలేమోలే అనుకుంటి."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తలుపు, పెన్సిలు ఆయన ముందు పెట్టి, ఆ ఖాళీలో నువ్వే రాయి తాతా అన్నాను. రెండింటినీ నా వైపుకు నెట్టాడు.

"నాకు తెలిసిందాన్ని నాకు చెప్పేదానికి ఇంత దూరం వస్తివా? తెలీనోళ్లు నీ ఇంట్లోనే ఉండారు."

సాయంత్రం వరండాలో నాయనకూ అవ్వకూ చెప్పాను. ఇస్త్రీపెట్టె తీగ నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. నాయన నా ముఖం చూడకుండా తలుపు ఒళ్లో పెట్టుకుని పైనుంచి ఒక్కొక్కటే చదివాడు. చివరి తేదీ దగ్గర ఆగిపోయాడు. అవ్వ కుడిచేతి మీది మచ్చను ఎడమచేత్తో తడుముకుంది.

"నా చెయ్యి నెలకంతా మానిపాయె. ఆయన పేరు యాడ మానె?" అంది.

"రేపు పొద్దున బంగారుపాళ్యానికి మొదటి బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు నాయన. చెప్పాను. తర్వాత ఆయన ఒళ్లోని తలుపు తీసుకుని, ఆ తేదీ పక్కన పెన్సిలుతో "నేను" అని రాశాను. చుట్టూ ఉన్న అక్షరాలన్నీ మసకబారి చెక్క రంగులో కలిసిపోయాయి, నాదొక్కటే నల్లగా, కొత్తగా కనిపిస్తోంది. ఆనాడే రాసి ఉంటే ఈపాటికి అదీ వాటిలో కలిసిపోయి ఉండేది.