వంగని మెడ

మాది రాయచోటి దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం మా పాపకు గవదబిళ్లలు వచ్చి చెంపలు వాచాయి. "బంగారం తగిలితే దిగిపోతాదిలే" అంటూ మా అత్తమ్మ తన గొలుసు తీసి పాప మెడలో వేసింది. జ్వరం తగ్గకపోగా వాంతులు మొదలయ్యాయి. నీళ్లు తాగిద్దామని తల ఎత్తబోతే మెడ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. పాప కెవ్వుమంది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. జబ్బు మెదడు పొరలకు పాకిందన్నారు. పాప కళ్లు తెరిచి "అమ్మా" అనేదాకా నాలో ప్రాణం లేదు.

మొన్న పక్కింటామె తన కొడుక్కీ చెంప వాచిందని ఆ గొలుసు అడగడానికి వచ్చింది. "గొలుసు ఇయ్యను తల్లీ. పిల్లోణ్ణి బడికి పంపాకు, డాక్టరుకు చూపీ" అంది అత్తమ్మ.

ఇప్పుడు పాప తల వంచి హోంవర్కు రాసుకుంటుంటే, ఆ వంగిన మెడనే చూస్తూ కూర్చుంటాను.