తాల్‌బగీచాలో నాలుగు గిన్నెల నూడుల్స్

పైడమ్మ నూడుల్స్ దుకాణానికి అన్యాయం జరిగింది. చేసింది నేను. పోయిన నెల విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ గేటు దగ్గర నిలబడి, 'విదేశీ ప్యాకెట్ల మోజు శ్రామికుడి జేబుకు చిల్లు' అని కరపత్రం పంచాను. అందులో ఆమె దుకాణం పేరు కూడా వేశాను. అప్పటికి అక్కడ ఒక్క గిన్నె కూడా తిన్నవాణ్ణి కాను. షిఫ్టు దిగి అక్కడ తినిపోయే కార్మికులు మానేశారు. ఈ నెలాఖరుకు ఆమె దుకాణం గది ఖాళీ చేస్తుందని మా అమ్మ చెప్పింది. తినకుండా రాసిన మాటలో నిజమెంతో చూద్దామని శనివారం బయలుదేరాను.

హౌరా నుంచి మా రైల్వే ఊరికి వచ్చేవారికి లోకల్ రైలులో సుమారు రెండున్నర గంటలు పడుతుంది. మా ఇల్లు ఈ ఊళ్లోనే, ట్రాఫిక్ అనే పేటలో ఉంది కాబట్టి నాకు టోటో, అంటే బ్యాటరీ రిక్షా, సరిపోయింది. మనిషికి ఇరవై రూపాయలు. మధ్యాహ్నం మూడింటికి ఎక్కితే నడిపేది మా వీధి సూరిబాబు.

"ఏటి తమ్ముడూ, నూడుల్స్‌కా? తినొద్దని కాయితం ఇచ్చినోడివి నువ్వే కదేటి?"

"నేనే."

"అయితే ముప్పై ఇయ్యి. విదేశీ మోజు."

పైడమ్మ భర్త రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. తాల్‌బగీచా పేటలో వాళ్ల ఇంటి దగ్గరే అద్దెకు తీసుకున్న చిన్న గది, రెండు బల్లలు, ఒక పొయ్యి, అదే దుకాణం. ఆమె నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది. నేపాల్ ప్యాకెట్‌ను ఉడికించకుండానే నలిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి ఇచ్చింది. ముప్పై రూపాయలు. ఇండొనేషియావి నీళ్లు వంపేసి తియ్యటి సోయాలో కలిపేవి, డెబ్బై. థాయ్‌లాండ్ గిన్నె పులుపు మా ఇంటి చారుకు చుట్టం, ఎనభై. కొరియాది నూట ఇరవై. వేడినీళ్లు పోసి, గిన్నె మీద మూతగా ఓ కాగితం పరిచింది. అది నా కరపత్రం.

"పిన్నీ, ఇది నాది."

"గేటు కాడ కట్ట ఒగ్గేసినావు. మంచి మందం కాయితం. ఆవిరి పోదు."

"చదివినావా?"

"సదివినాను. జేబుకి సిల్లన్నావు. డ్యూటీ దిగినోళ్లకి నేపాల్ ప్యాకెట్లో గుడ్డేసి, కేబేజీ ఏసి నలభైకి పెడతన్నాను. అది రాయలేదేటి? తినకుండా ఎలా రాసినావు బాబూ?"

"తప్పే పిన్నీ."

"నాకు సెప్తే ఏటి లాభం? ఆళ్లకి సెప్పు."

కొరియా గిన్నె సగమయ్యేసరికి ముక్కు కారింది. అది కారం వల్లనే.

'విదేశీ' అన్న మాటను నేను చదివిన చిన్న పుస్తకాల నుంచి తెచ్చుకున్నాను. పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారో, బల్ల దగ్గర ఎవరు ఆకలితో కూర్చున్నారో వాటిలో లేదు. గిన్నెకు నూట ఇరవై ఎక్కువేనన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని దిగుమతి చేసేవాడి మీద చూపాలి. నేను నలభై రూపాయలకు అన్నంలాంటి తిండి పెట్టే మనిషి మీద చూపాను. వెళ్లేవారికి ఒక్క మాట: కొరియా గిన్నెలో కారం పొట్లం సగమే వేయమనండి.

వచ్చే శనివారం సాయంత్రం ఐదున్నరకు, షిఫ్టు దిగే వేళకు, పార్క్ గేటు దగ్గర కలుద్దాం. తప్పు నాదేనని రాసిన రెండో కరపత్రం పంచుతాను. అక్కడి నుంచి అందరం పైడమ్మ దుకాణానికే. ఈసారి కూడా కాగితం మందంగానే వేయించాను. ఆకలితో రండి.