ఏ మెకానిక్కుకైనా తట్టేదేనట

చచ్చిపోయిన మొగుడి మాటలు పరాయివాడి నోట వింటుంటే వెర్నాకు ఒళ్ళు మండిపోయింది.

"'అబ్బే, అదేం పెద్ద పని కాదండీ, ఎవరైనా చేసేవారే.' మీవారు ప్రమాణం చేసి చెప్పిన మాటలే కదమ్మా ఇవి?" అన్నాడు ఆమె సాక్ష్యం తీసుకుంటున్న కంపెనీ లాయరు విట్‌కూంబ్, కాగితం మీంచి తల ఎత్తకుండా.

వాల్టర్ పోయి ఏడు నెలలైంది. అమెరికాలో షెబోయ్‌గన్ అనే ఊరి దగ్గర చీజ్ ఫ్యాక్టరీలో మెకానిక్కు. మంచు తుఫానులో నలభై మైళ్ళు బండి తోలుకుపోయి పంపు ఆపాల్సి వచ్చి వచ్చి విసిగిపోయాడు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే పంపులూ బాయిలర్లూ నడిపే పద్ధతి కనిపెట్టాడు. మధ్యలో తీగ తెగితే యంత్రం తనంతట తానే నెమ్మదిగా ఆగుతుంది. అదీ ఆయన కిటుకు. దానికి పేటెంటు వచ్చింది. ఒక పెద్ద కంపెనీ అదే పద్ధతిని తన పేరుతో అమ్ముకుంది. ఇదేమిటని అడిగితే ఎదురు తిరిగింది. పాత పుస్తకాలు రెండు పక్కపక్కన పెట్టుకుంటే ఏ మెకానిక్కుకైనా తట్టేదే, ఆ పేటెంటు రద్దు చెయ్యండి అంది.

ఆ ఊళ్ళో గొప్పలు చెప్పుకోవడం మహా తప్పు. శుక్రవారం చేపల విందులో వంట మెచ్చుకుంటే "ఏదో కలిపి పడేశాన్లే" అనాల్సిందే. వాల్టర్ లాయర్ల ముందు కూడా అదే ధోరణిలో మాట్లాడాడు.

"పోనీ, ఇంట్లోనైనా కష్టమని అన్నారా?" అడిగాడు విట్‌కూంబ్.

వెర్నా తరఫు లాయరు డెనీస్ రాసుకోవడం ఆపి ఆమె వంక చూసింది. ఔనంటే పేటెంటుకు బలం. కానీ ప్రమాణం చేసి అబద్ధమాడడం వెర్నాకు చేతకాలేదు.

"లేదు. కాలు విరిగినప్పుడు కూడా బాగానే ఉందన్నాడు."

విట్‌కూంబ్ నవ్వి ఫైలు మూయబోయాడు.

"ఆగవయ్యా, నా మాట అవలేదు! పద్నాలుగు నెలలు నా భోజనాల బల్ల నిండా ఆయన సామానే. కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. ఆయన చేసిన కంట్రోలు పెట్టె మూడుసార్లు కాలిపోయింది. అంత తేలికైతే, ఆయన మీ కంపెనీకి చూపించినప్పుడు మీ ఇంజనీరు ప్రూయెట్ 'బాయిలరు పేలి చస్తారు, ఇది పిచ్చిపని' అని ఉత్తరమెందుకు రాశాడు? ఆ పుస్తకాలు రెండూ అప్పుడు ఆ ప్రూయెట్ బీరువాలో లేవా?"

"ఉత్తరముందా?" డెనీస్ లేచి నిలబడింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ!"

"వాల్టర్ వద్దన్నాడు. పాపం, ప్రూయెట్ ఉద్యోగస్థుడు, చిక్కుల్లో పడతాడన్నాడు. నాకా జాలి లేదు."

ఐదు నెలలకు తీర్పొచ్చింది. అందరికీ తట్టేదే అయితే కంపెనీ నిపుణుడే పిచ్చిపని అనడు కదా అన్నారు జడ్జీలు. పేటెంటు నిలబడింది.

"కంపెనీవాళ్ళు మర్యాదగా మాట్లాడుకుందాం అంటున్నారండీ," అని డెనీస్ ఫోను చేసింది.

"మర్యాదా? జబ్బుతో ఊపిరాడని మా ఆయన్ని ఆరు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి దొంగను అడిగినట్టు అడిగారు. అప్పుడేమైందట? ఆ ప్రూయెట్‌ను వచ్చి, ఆయన సమాధి దగ్గర ఆ ఉత్తరం పైకి చదవమను. మాటలు ఆ తర్వాత," అని వెర్నా ఫోను పెట్టేసింది.