చిరుగు లోపలికి మడిచి

నేను ఇంతవరకూ ఆడిన బేరాల్లోకెల్లా లాభసాటి బేరం గురించి చెబుతాను. పెట్టుబడి లేదు. రవాణా ఖర్చు లేదు. నోరు మూసుకుని కూర్చోవడమే పని. అయిదు సెకన్లలో చెప్పేయగల ఒక్క మాటని ఆరు నెలలు నోట్లో దాచుకున్నాను. బదులుగా నాకు దక్కినవి ఒక నాటకంలో ముఖ్యపాత్ర, మూడు ఊళ్ళలో ప్రదర్శనలు, జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లు. చీరాలలో బట్టల కొట్టు నడిపిన మా నాన్న చూసుంటే భుజం తట్టి, సెహబాష్ అనేవాడు.

ఏమో, అనేవాడా? ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఏడేళ్ళయింది. ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది. అన్నం తింటున్నప్పుడు పంటికింద రాయిలా తగులుతుంది. మా ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఆయన మంచివాడు, వెంటనే ఓదారుస్తాడు. నాకు ఓదార్పు వద్దు. మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు తెలీదు. ఇలాగే బాగుంది.

ఆవిడ పేరు కూడా రాయను. వాళ్ళ దేశంలో ఆ పేరు తెలియని ఇల్లు ఉండదట. ఉత్తర నార్వేలో ఒక చిన్న దీవిలో చేపల కొట్టు నడిపే తల్లికి పుట్టింది. పదిహేడేళ్ళకి పడవెక్కి రాజధానికి పోయింది. ఇరవై రెండేళ్ళకి సినిమా పోస్టర్ల మీద ఉంది. నలభై దాటగానే అందరూ అమ్మ వేషాలే తెస్తుంటే విసుగొచ్చి, "అయితే సినిమా నేనే తీస్తాను," అని డైరెక్టరయింది. తీసి గెలిచింది కూడా. తర్వాత ఒక ఆస్ట్రేలియా కెమెరామన్‌ని పెళ్ళాడి మెల్‌బోర్న్ వచ్చింది. ఆయన పోయాక ఆల్టోనాలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇవేవీ తెలియకుండానే నేను ఆవిడకి గుడ్డ అమ్మాను.

మెల్‌బోర్న్ శివార్లలో, టార్నీట్‌లో మా గరాజే నా కొట్టు. కారు బయట ఎండలో ఉంటుంది, చీరలూ తానులూ లోపల నీడలో ఉంటాయి. ఒకరోజు మధ్యాహ్నం డెబ్భై దాటిన తెల్లావిడ వచ్చింది. నాటకంలో వేసుకునే బట్టల కోసం ముతక కాటన్ కావాలంది. ధర చెప్పాను. ఆవిడ సగం చెప్పింది. నేను నవ్వాను. ఆవిడ గుడ్డ తాను పక్కన పెట్టేసి వెనక్కి తిరిగింది. నడిచింది. నాలుగో అడుగు పడగానే, "సరే, రండి," అన్నాను.

ఆవిడ ఆగింది. తిరిగి చూసింది. డబ్బు గురించి కాదు.

"నాలుగు అడుగులు వెళ్ళనిచ్చావు. ఎవరు నేర్పారు?"

"మా నాన్న. మూడో అడుగులో పిలిస్తే మన అవసరం బయటపడుతుంది. అయిదో అడుగు దాకా ఆగితే మనిషి పక్క కొట్లో ఉంటుంది."

గట్టిగా నవ్వింది. "స్కూళ్ళు పెట్టి నేర్పినా కొందరికి ఈ టైమింగ్ రాదు. శనివారం కమ్యూనిటీ హాలుకి రా," అంది. అలా ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, జన్మలో స్టేజి ఎక్కని నేను నటినయ్యాను. నాటకం వాళ్ళంతా ఆవిణ్ణి మేడమ్ అనేవాళ్ళు. నేనూ అదే.

నాటకం ఆవిడే రాసింది. చేపల కొట్టు నడిపే తల్లి. పడవెక్కి వెళ్ళిపోయే కూతురు. రేవులో తల్లి నిలబడి చూస్తుంది. నాలుగు అడుగులు లెక్కపెడుతుంది, పిలవదు. అంతే కథ. తల్లి పాత్ర మొదట ఇంకెవరికో ఇద్దామనుకుంది. నాకు ఎలా వచ్చిందో చెబుతాను. అసలు సంగతి అదే.

మార్చి నెలలో ఆవిడ వంటింట్లో కూర్చున్నాం. కాఫీ పోసింది. వెన్నలాంటి ఒక గోధుమరంగు చీజ్ ముక్క కోసి పెట్టింది. దాని రుచి నాకు ఇప్పటికీ నచ్చలేదు. కప్పు కింద పెట్టి, ఉన్నట్టుండి అంది:

"మా అమ్మకి చివర్లో మతి పోయింది. అక్కలకీ అంతే. నాకూ వస్తుంది. అందరినీ గమనించడం నా వృత్తి, కానీ నన్ను నేను చూసుకోలేను. నువ్వు గుడ్డ మీద చెయ్యి పెట్టి పోగు ఎక్కడ లేచిందో చెప్పేస్తావు. నాలో మొదటి చిరుగు తగిలిన రోజు నాకు చెప్పు."

"డాక్టరున్నాడు కదా మేడమ్?"

"డాక్టరు ఈరోజు ఏ వారం అని అడుగుతాడు. నేను నటిని. డాక్టరు ముందు బాగానే నటిస్తాను. నిన్ను మోసం చెయ్యలేను."

"చెబితే ఏం చేస్తారు?"

"ఆ రోజే అన్నీ వదిలేసి మా దీవికి పోతాను. మా చెల్లి ఉంది అక్కడ. అక్కడ ఎండాకాలం సూర్యుడు అస్తమించడు. నెలల తరబడి పగలే. దాన్ని ఇంకొక్కసారి చూడాలి. ఇది మా దీవే అని నాకు తెలుస్తుండగా చూడాలి. తెలియకుండా చూస్తే ఏం లాభం?"

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు బేరం వస్తుంది. కొట్లో పెరిగిన పిల్లని.

"మరి నాకేమిస్తారు?"

"ఏం కావాలి?"

"తల్లి వేషం."

అంత నవ్వు ఆవిడ నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపింది. "ఇచ్చేశాను. నీ మాట?"

"ఇచ్చాను," అన్నాను. చెయ్యి కలిపాను.

సరుకు ముందే చేతికొచ్చింది. చెల్లించాల్సింది నేను.

ఏప్రిల్ మూడో వారంలో చిరుగు వేలికి తగిలింది. రిహార్సల్‌లో నాకొక సూచన ఇచ్చింది, బుట్టని తుంటి మీద పెట్టుకో, నెత్తిన కాదు అని. చెప్పి, దాని మీద చిన్న జోకు వేసి, తనే నవ్వింది. పది నిమిషాలకి వచ్చి అదే సూచన, అదే జోకు, అదే చోట అదే నవ్వు. ముసలివాళ్ళు ఒకటే మాట రెండుసార్లు చెబుతారు, నిజమే. ఇది అది కాదు. మొదటిసారి చెప్పినట్టే చెప్పింది. హాల్లో మిగతావాళ్ళు నవ్వారు, రెండోసారి కూడా.

ఆ సాయంత్రమే చెప్పాలి. ఆల్టోనా దాకా కార్లో నేనే దింపాను. దారంతా మాట నాలుక మీద ఉంది. ఆవిడ దిగింది. తలుపు దాకా వెళ్ళింది. చెప్పలేదు.

ఎందుకు? ఒకసారే కదా, ఇంకోసారి చూద్దాం అనుకున్నానా? అలసట అనుకున్నానా? అలా అనుకున్నానని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను అనుకున్నది వేరు. ఈవిడ వెళ్ళిపోతే నాటకం ఆగిపోతుంది అనుకున్నాను. అంతే. అంతకన్నా పెద్ద ఆలోచన ఏదీ లేదు నా బుర్రలో.

కొట్లో చిరుగున్న చీర వస్తే పారెయ్యం. చిరుగు లోపలికి పోయేట్టు మడత వేస్తాం. అంచు పైకి, పమిట పైకి. పదేళ్ళకే నాకు ఆ మడత వచ్చు. ఆవిణ్ణి అలా మడిచాను. సూచనలన్నీ ముందు రోజే అడిగి కాగితం మీద రాయించుకున్నాను. మర్చిపోతే పక్క నుంచి అందించాను. కూతురి వేషం వేసే, జీలాంగ్ ఊరి నుంచి వచ్చే అమ్మాయి పేరు ఆవిడకి గుర్తు రాకపోతే, ఆ పేరు నేనే ముందు గట్టిగా పిలిచేదాన్ని. ఎవరికీ తెలియలేదు. ఆవిడక్కూడా.

మే నెలలో ఒకరోజు అందరూ వెళ్ళాక, నేను ఇంకా వేషంలోనే ఉన్నాను. ఆప్రాన్, తలకి గుడ్డ. ఆవిడ దగ్గరికొచ్చి ఆప్రాన్ అంచు పట్టుకుంది. చిన్నపిల్ల పట్టుకున్నట్టు. వాళ్ళ భాషలో ఏదో చాలాసేపు చెప్పింది, బతిమాలినట్టు. చివర్న "మూర్" అంది. నాటకంలో ఆ మాట ఉంది, కాబట్టి నాకు తెలుసు. అమ్మా, అని.

ఇది చెప్పడానికే ఇంత రాశాను. నేను ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. నేను అమ్మని కాదు అనలేదు. తల నిమిరాను. నిమురుతూ ఆవిడ ముఖం చూశాను, గొంతు విన్నాను. తల్లిని అలా అడిగే కూతురి ముందు తల్లి ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో నాలో నేను కొలుచుకున్నాను. మర్నాడు రిహార్సల్‌లో అదంతా రేవు సీనులో పెట్టాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఇది ఎక్కడ దొరికింది నీకు?" అంది.

చెప్పలేదు. ఆ తర్వాత కావాలనే వేషం విప్పకుండా ఆగేదాన్ని, అందరూ వెళ్ళేదాకా. మళ్ళీ వస్తుందేమోనని. వచ్చేది.

మా ఆయన ఒక్కసారే అన్నాడు. "ఆవిడకి ఒంట్లో ఏదో తేడాగా ఉంది, చూశావా?"

"ఆర్టిస్టులు అంతేలెండి. ఐటీ వాళ్ళకి ఏం తెలుస్తుంది," అన్నాను. నవ్వేశాడు.

జూన్‌లో చెల్లెలు దీవి నుంచి ఫోన్ చేసింది. నా నంబరు ఆవిడే ఇచ్చిందట, నమ్మకమైన మనిషి అని. చెల్లెలి ఇంగ్లీషు ఒక్కో మాటా పేర్చినట్టు ఉంటుంది. "అక్క నన్ను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగింది. బాగానే ఉందా? ఇక్కడ ఇప్పుడు ఎండాకాలం. రమ్మంటే బాగుంటుందా?" వెనక పక్షుల అరుపులు వినిపిస్తున్నాయి. అక్కడ అర్ధరాత్రి దాటిందట. వెలుతురుకి పక్షులు నిద్రపోవట. నేను గరాజ్‌లో బ్లౌజు ముక్కలు మడతపెడుతున్నాను. చేతులు ఆగలేదు. "బ్రహ్మాండంగా ఉన్నారు. రిహార్సల్స్ వల్ల అలసట. ఆగస్టులో షో అవ్వగానే నేనే పంపిస్తాను," అన్నాను.

థాంక్యూ అంది.

ఆగస్టులో షో అయింది. జనం లేచి నిలబడ్డారు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని స్టేజి మధ్యకి తీసుకొచ్చాను. చప్పట్ల మధ్య నా చెవిలో అంది, ఇంగ్లీషులోనే, "వీళ్ళంతా ఎవరు?" చెయ్యి నొక్కాను. వంగింది. శరీరానికి గుర్తుంది వంగడం. ఫొటోలో ఇద్దరం నవ్వుతూ ఉంటాం. బల్లారట్ వాళ్ళు పిలిచారు. జీలాంగ్ వాళ్ళు పిలిచారు. చెల్లెలికి ఇచ్చిన మాట? అవి కూడా అయ్యాక అనుకున్నాను.

అక్టోబరు చివర్లో ఒక తెల్లవారుజామున, నడకకి వచ్చినవాళ్ళకి ఆవిడ ఆల్టోనాలో, సముద్రంలోకి కట్టిన పియర్ చివర కనిపించింది. పైజమాలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేతిలో నాటకం కాగితాలు. పడవ కోసం చూస్తున్నానందట. దీవి పడవ.

చెల్లెలు వచ్చింది. డాక్టర్లు, కాగితాలు. నవంబరులో ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది, "మూర్," అంది, తిరిగి నడిచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. పిలిచి చెప్పాల్సింది, కనీసం అప్పుడైనా, కనీసం చెల్లెలికైనా. నాలుగో అడుగు దాటింది. అయిదో అడుగూ దాటింది. రిహార్సల్‌లో నేర్పినట్టే నిలబడ్డాను.

వాళ్ళు చేరేసరికి దీవి మీద చీకటి కాలం. సూర్యుడు రానే రాడట. జనవరిలో చెల్లెలు రాసింది: "అక్క రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటుంది. మా దీవికి ఎప్పుడు వెళ్దాం అని అడుగుతుంది. ఇదే అక్కా మన దీవి అంటే, చెడ్డ నటిని చూసినట్టు మర్యాదగా నవ్వుతుంది." తర్వాత ఎండాకాలం వచ్చింది, పగలే పగలు. అప్పుడూ అదే ప్రశ్న. రెండేళ్ళు అడిగి, ఆ కిటికీ దగ్గరే పోయింది.

వాళ్ళక్కని నేను బాగా చూసుకున్నానని చెల్లెలు ప్రతి డిసెంబరులో నాకు ఊలు మేజోళ్ళు అల్లి పంపిస్తుంది. మెల్‌బోర్న్‌లో డిసెంబరంటే నలభై డిగ్రీలు. ఏడు జతలు. ఒక్కటీ తొడగలేదు. పారెయ్యలేదు.

ఎలాగూ వచ్చే జబ్బే కదా, నేను చెప్పినా ఆగేదా? ఏప్రిల్లో వెళ్ళినా పూర్తిగా గుర్తుపట్టేదని ఏమిటి నమ్మకం? చూడండి, ఇంకా బేరమాడుతున్నాను. మా నాన్న సంగతి చెబుతానన్నాను కదా. ఆయన కూడా చిరుగు మడతలో పెట్టేవాడు. కానీ "నాయనా, నా కళ్ళు సరిగ్గా కనపడవు, నువ్వే చూసి ఇవ్వు" అని ఎవరైనా ముసలమ్మ అడిగితే, గుడ్డ మొత్తం విప్పి, ఆవిడ వేలు పట్టుకుని చిరుగు మీద పెట్టేవాడు. "చూపు మనకి అప్పజెప్పినవాళ్ళ దగ్గర వ్యాపారం చెయ్యకూడదమ్మా," అనేవాడు. సెహబాష్ అనేవాడు కాదు. నాకు మొదటి నుంచీ తెలుసు.

చెల్లెలికి రాస్తానా? తెలీదు. ముందు ఈ కాగితం రాశాను. నోట్లో రాయి లేదు ఇప్పుడు, చేతిలోకి వచ్చింది. బరువు తగ్గలేదు. కనీసం కనిపిస్తోంది.

ఇక లెక్క. నాకు వచ్చింది, మూడు ఊళ్ళ చప్పట్లు. ఆవిడకి పోయింది, ఒక ఎండాకాలం. ఇది మా దీవే అని తెలుస్తుండగా చూడాల్సిన, ఒక్క రాత్రి కూడా లేని ఎండాకాలం. అది మొత్తం నేనే తీసుకున్నాను. తగ్గింపు ఏమీ లేదు.